పాఠం ఎవరి సొత్తు?

పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం వెనక 'సర్వస్వామ్య సంకలితము' అనే మాట అచ్చయి వుండేది. కొన్ని పుస్తకాలలో దాని స్థానే 'సర్వస్వామ్యములు గ్రంథకర్తవి' అని వుంటుంది. రెండూ ఒకటే అనుకుంటాం గాని, కావు. రెండో దానిలో స్వామి ఎవరో చెప్పారు. మొదటి దానిలో స్వామ్యం మాత్రమే వుంది, స్వామి కనపడడు. మన విమర్శకులు పుస్తకాన్ని పీఠికతో మొదలుపెడతారు; మరీ శ్రద్ధ గలవారు అంకితంతో మొదలుపెడతారు. ఆ రెండింటికీ ముందున్న ఈ పేజీని విమర్శకు యోగ్యమైన రచనగా తీసుకున్నవాళ్లు అరుదు. పదేళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్న నేను కూడా మొన్నమొన్నటిదాకా దాన్ని తిప్పేసి ముందుకు పోయినవాణ్నే. ఇప్పుడు దానిమీదనే వ్యాసం రాయవలసి రావడానికి ఒక కారణం వుంది. అది తరువాత చెబుతాను.

తెలుగు అకాడమి ప్రచురించిన డిగ్రీ పాఠ్యపుస్తకాలలో ఏదైనా ఒకటి తీసి మొదటి నాలుగు పేజీలు చూడండి. రచయితల పేర్లుంటాయి, సంపాదకుల పేర్లుంటాయి, వాళ్లు పనిచేసే కళాశాలల పేర్లుంటాయి. కాపీరైటు మాత్రం అకాడమిది. ప్రాంతీయ భాషల్లో విశ్వవిద్యాలయ స్థాయి గ్రంథాలు తయారు చేయడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నిధులతో ఈ పుస్తకం వెలువడిందని చెప్పే వాక్యం కూడా చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. రాసింది అధ్యాపకులు, డబ్బు ప్రజలది, హక్కు సంస్థది. ఈ మూడు ముక్కలూ ఒకే పేజీలో, ఒకదాని పక్కన ఒకటి, ఏ సంకోచమూ లేకుండా కూర్చుని వుంటాయి.

తొందరపడి నన్ను అకాడమికి శత్రువుగా లెక్కగట్టవద్దు. పి.వి. నరసింహారావు విద్యామంత్రిగా వున్న రోజుల్లో, ఆయనే తొలి అధ్యక్షుడుగా, 1968లో ఏర్పడిన ఆ సంస్థ లేకపోతే తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువు ఒక తీర్మానంగానే మిగిలిపోయేది. వరంగల్లు, ఖమ్మం, కరీంనగరం పల్లెల నుంచి వచ్చిన కూలిరైతుల పిల్లలు చరిత్ర, అర్థశాస్త్రం చదువుకున్నది ఆ పుస్తకాలలోనే. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, పగలు పనిచేసి రాత్రి చదువుకునే వాళ్ల ఇంటికి పాఠాన్ని పంపింది. ఈ మేలును కాదనేవాడికి మన ప్రాంతపు చదువు చరిత్ర తెలియదు. నా ఫిర్యాదు ఆ పాఠాల గద్యంమీద.

ఆ గద్యంలో ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. చెప్పబడుతుంది, భావించబడుతుంది, పేర్కొనవచ్చు. ఎవరు చెప్పారు? ఎవరు భావించారు? గురజాడ మీద పాఠానికీ విశ్వనాథ మీద పాఠానికీ అవే విశేషణాలు తొడుగుతారు. ఒక్క వాక్యంలోనైనా 'నేను దీనితో ఏకీభవించను' అనే మనిషి కనపడడు. ఇది రచయితల చేతకానితనం అంటే నేను ఒప్పుకోను. ఆ పాఠాలు రాసినవారిలో కొందరి స్వతంత్ర వ్యాసాలు చదివాను; వాటిలో కోపం వుంది, పక్షం వుంది, పరిహాసం వుంది. అదే చెయ్యి పాఠం రాయడానికి కూర్చోగానే మూగపోతుంది. పరీక్షల అవసరం ఒక కారణం, సంపాదక వర్గం భయం ఒక కారణం. కాని అన్నిటికన్నా లోతుగా వున్న కారణం, ఆ రచన తనది కాదని రాసేవాడికి ముందే తెలియడం. రేపు తప్పు కనబడితే దిద్దే అధికారం తనకు లేదు. కొత్త సంగతి తెలిస్తే చేర్చే వీలు లేదు. కౌలుకు తీసుకున్న చేనులో ఎవడూ మామిడిమొక్క నాటడు.

ఈ స్థితి ఇవాళ పుట్టింది కాదు. బ్రౌను దొర కడపలో తన బంగళాలో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి కూర్చోబెట్టి కావ్యాలు పరిష్కరింపజేశాడు. మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య వ్యాఖ్యలు రాశాడు. 1852లో వెలువడ్డ నిఘంటువు మాత్రం మనకు బ్రౌన్ నిఘంటువు. బ్రౌను కృతజ్ఞత లేనివాడు కాదు, తన పండితుల పేర్లు చెప్పుకున్నవాడే. అయినా చెప్పుకోవడం దొర దయ మీద ఆధారపడింది. 1917లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం పెట్టిన దారుల్ తర్జుమాలో కూడా పద్ధతి ఇదే. జోష్ మలీహాబాదీ వంటి కవి అక్కడ నెలజీతానికి పాఠ్యగ్రంథాల అనువాదం పని చేశాడు.

దీనికి ఎదురుగా గిడుగు రామమూర్తిని నిలబెట్టి చూడాలి. పర్లాకిమిడిలో బడిపంతులుగా వుంటూ, సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాచకాలు తయారు చేశాడు. మద్రాసు ప్రభుత్వం వాటిని అచ్చువేయించి ప్రతిఫలం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నాడని ఆయన జీవితకథ తెలిసిన వాళ్లందరూ చెబుతారు. పుస్తకం తనది గనకనే ఆ మాట అనగలిగాడు. తనది కానిదాన్ని ఎవడూ దానం చేయలేడు. అధ్యాపకుడి స్వామ్యం అనగానే వ్యాపారబుద్ధి అని ముక్కు విరిచే మన మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక చట్టం సంగతి. 1957 కాపీరైటు చట్టం పదిహేడో సెక్షను, రచయితే తన రచనకు మొదటి హక్కుదారు అని చక్కగానే మొదలవుతుంది. వెంటనే మినహాయింపులు వస్తాయి. ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు అంటుంది (సి) క్లాజు. ప్రభుత్వ రచన ప్రభుత్వానిది అంటుంది (డి) క్లాజు. వీటికన్నా ముందున్న (ఎ) క్లాజును మన అధ్యాపక మిత్రులు తప్పక చదవాలి. అది పత్రికల్లో జీతానికి రాసేవాళ్ల గురించి. పత్రిక కోసం రాసినదాన్ని పత్రికలో వేసుకునే మేరకే యజమానికి హక్కు, మిగిలినదంతా రాసినవాడిది. అందుకే విలేఖరి తన వ్యాసాలను తరువాత పుస్తకంగా వేసుకోగలడు. అంటే యజమాని అవసరాన్నీ రచయిత హక్కునూ విడదీయడం చట్టానికి తెలుసు. తెలిసి కూడా అధ్యాపకుడి విషయంలో ఆ పని చేయలేదు.

'ఉద్యోగంలో భాగం' అన్నదాని హద్దు ఎక్కడ? పాఠం చెప్పడం నా ఉద్యోగం, సరే. చెప్పడానికి రాత్రి ఇంట్లో రాసుకున్న నోట్సు? 1952లో లండను అప్పీలు కోర్టు ముందుకు ఇటువంటి తగాదాయే వచ్చింది. ఒక సంస్థ ఉద్యోగి ఇచ్చిన ఉపన్యాసాలు అతనివేనని, ఆ సంస్థ అప్పగించిన పనిలో భాగంగా రాసిన ఒక ప్రకరణం మాత్రం సంస్థదని ఆ న్యాయమూర్తులు తేల్చారు. ఇంకా వెనకటిది, 1916 నాటిది, ప్రశ్నపత్రాల కేసు. పేపర్లు తయారుచేసిన పరీక్షకులు లండన్ విశ్వవిద్యాలయపు నౌకర్లు కారు గనక ఆ పత్రాలకు మొదటి స్వామ్యం వాళ్లదేనని, ఒప్పందం వల్లనే అది చేతులు మారుతుందని తీర్పు వచ్చింది.

ఈ రెండో తీర్పును మన ఊరికి తెచ్చి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. స్కేలు జీతం తీసుకునే పర్మనెంటు లెక్చరరు ఉద్యోగంలో భాగంగా రాసిన పాఠం యజమానిది. గౌరవ వేతనం మీద, పాఠానికింత అని తీసుకుని దూరవిద్యకు రాసే బయటి మనిషి మాత్రం నౌకరు కాడు. కనక అతని పాఠం మొదట అతనిదే, అతను రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప. పంతొమ్మిదో సెక్షను ప్రకారం బదిలీకి సంతకం చేసిన కాగితం వుండాలి. కాలం ఎంతో అందులో రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. అందరికన్నా తక్కువ డబ్బు పుచ్చుకుని, అందరికన్నా భయంగా బతికే మనిషి చేతిలో చట్టం అందరికన్నా ఎక్కువ హక్కు పెట్టింది! అతనికి ఆ సంగతి తెలియదు. బిల్లు ఫారం మీద సంతకం పెట్టమన్నచోటల్లా పెడతాడు, ఆ కాగితాల్లో బదిలీపత్రం వుంటే దానిమీద కూడా.

చట్టంలో ఇంకో వినోదం వుంది. 'ప్రదర్శకుడు' అంటే ఎవరు అని రెండో సెక్షనులో ఒక జాబితా ఇచ్చారు: నటుడు, గాయకుడు, నర్తకుడు, దొమ్మరి, గారడీవాడు, పాములవాడు, ఆ వెంటనే ఉపన్యాసం ఇచ్చేవాడు. మొదట చదివినప్పుడు నవ్వాను. తరువాత ఆలోచిస్తే పాములవాడి పక్కన చోటు దొరకడం మాకు లాభమేనని తెలిసింది. ప్రదర్శకుడి అనుమతి లేకుండా అతని ప్రదర్శనను రికార్డు చేయడానికి వీల్లేదు, ఆ హక్కు యాభై ఏళ్లు నిలుస్తుంది. కాని అనుమతి అనేది ఎటువంటి స్థితిలో ఇస్తున్నాం?

ఇక్కడ నా సొంత సంగతి చెప్పాలి. 2020లో కాలేజీలు మూతపడ్డాయి. మేం పనిచేసే ప్రైవేటు కాలేజీ వాళ్లు పాఠాలన్నీ వీడియోలు తీసి ఇవ్వమన్నారు. జీతం సగానికి దిగిన రోజులవి. తియ్యనన్న ధైర్యవంతుడెవడూ మాలో లేడు, నేనూ లేను. ఇంట్లో పుస్తకాల అలమర ముందు కుర్చీ వేసుకుని, మా అమ్మాయి ఫోను పట్టుకుంటే, ముప్పయికి పైగా పాఠాలు చెప్పాను. అందులో ఒకటి చిన్నయసూరి మీద. తొందరలో నోరు జారి, నీతిచంద్రిక నాలుగు భాగాలూ ఆయనే రాసినట్టు చెప్పేశాను. 1853లో చిన్నయసూరి ప్రచురించింది మిత్రలాభం, మిత్రభేదం రెండే. సంధి, విగ్రహాలను తరువాత కొక్కొండ వెంకటరత్నం, వీరేశలింగం పూరించారు. ఎం.ఏ. చదివినవాడు చేయకూడని తప్పు. మరుసటి ఏడాది క్లాసులో సరిగానే చెప్పాను. ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఇప్పుడు రెండు భాగాలే అంటున్నరు. వీడియోల నాలుగని చెప్పిన్రు. పరీక్షల ఏది రాయాలె?"

ఆఫీసుకు పోయి ఆ ఒక్క వీడియో తీసేయమన్నాను, కొత్తది నా ఖర్చుతో తీసి ఇస్తానన్నాను. "అవన్నీ మేనేజిమెంటు ఆస్తి సార్. మీరు చెప్పేది వుండది, నేను ముట్టేది వుండది" అన్నాడు అక్కడి గుమాస్తా. పాపం, అతను నిజమే చెప్పాడు. నా గొంతు, నా ముఖం, నా తప్పు. ఆస్తి మాత్రం వాళ్లది. అంతకన్నా ఘోరం అర్థశాస్త్రం మేడంది. ఆమె గెస్టు ఫ్యాకల్టీ. 2021లో ఆమెను తీసేశారు. ఆమె స్థానంలో ఎవరినీ వేసుకోలేదు; అవసరం లేకపోయింది. ఆమె వీడియోలు వున్నాయి గదా. రెండేళ్లపాటు ఆమే పాఠం చెప్పింది, జీతం లేకుండా, ఆమెకు తెలియకుండా.

మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఉత్పాదక శ్రామికుడు ఎవరో వివరిస్తూ బడిపంతులునే ఉదాహరణగా తీసుకుంటాడు. యజమాని తన డబ్బును మాంసం తయారుచేసే ఫ్యాక్టరీలో పెట్టినా చదువుల ఫ్యాక్టరీలో పెట్టినా ఆ సంబంధంలో తేడా రాదని అక్కడ అంటాడు. ఆయన కాలపు పంతులు తన శ్రమను రోజూ కొత్తగా అమ్ముకోవలసి వచ్చింది. రోజూ అమ్ముకునే అవకాశమైనా వుంది. ఇవాళ పంతులు చేసిన పని తన నుంచి విడిపోయి, డబ్బాలో చేరి, మళ్లీ తనకే పోటీకి వస్తున్నది. నేతగాడి మగ్గానికి జరిగింది మనకు జరగదనుకున్నాం.

దీనికి విరుగుడు ఏమిటి? అధ్యాపకుడికి సర్వస్వామ్యం ఇచ్చేయడమా? ఇక్కడ నా మనస్సాక్షి అడ్డు వస్తుంది. 'నా నోట్సు' అని నేను గర్వంగా చెప్పుకునే ఆ పచ్చ అట్టల పుస్తకంలో సగం, నేను విద్యార్థిగా వున్నప్పుడు మా గురువుగారు చెబుతుంటే రాసుకున్నది. ఆయన తన గురువు దగ్గర రాసుకున్నది అందులో ఎంతో! మిగిలిన సగంలో పదేళ్లుగా పిల్లలు అడిగిన ప్రశ్నలున్నాయి. బతుకమ్మ పాటలో ఒక మాటకు నేను చెప్పిన అర్థం తప్పని, మా పక్క అట్లా అనరని ములుగు నుంచి వచ్చిన పిల్ల దిద్దింది. అది కూడా నా నోట్సులో నాదై కూర్చుంది. ఈ జిల్లాలోనే పుట్టిన బిరుదురాజు రామరాజు ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించి తెలుగులో పరిశోధనకు దారి వేశాడు. ఆయన కృషికి నమస్కరిస్తూనే అడగాలి, పాడిన ఆడవాళ్ల స్వామ్యం ఏ పేజీలో రాయాలి? పాఠం ఒక్కడి సొత్తు అనే వాదం చివరకు గైడ్లు అమ్మే వాళ్లకే పనికివస్తుంది. పాఠాన్ని కొని, నీళ్లు కలిపి, పరీక్ష ముందు అమ్మేవాడికి రచయితల హక్కుల మీద గొప్ప గౌరవం!

2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక చిన్న ఫోటోకాపీ దుకాణం మీద కేసు వేశాయి. అధ్యాపకులు సూచించిన పుటలను కలిపి కుట్టి విద్యార్థులకు అమ్మడం నేరమన్నాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావా కొట్టివేసింది. బోధనలో భాగంగా జరిగే నకలుకు చట్టంలోనే చోటు వుందని, కాపీరైటు దైవదత్తమో సహజసిద్ధమో అయిన హక్కు కాదని న్యాయమూర్తి ఎండ్లా రాశాడు. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపినా, మూలసూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే తప్పుకున్నారు. ఆ కేసులో విద్యార్థులూ అధ్యాపకులూ దుకాణం పక్షాన నిలబడ్డారు. వాళ్లలో పుస్తకాలు రాసినవాళ్లూ వున్నారు. ఈ తీర్పును పండగ చేసుకున్న మనం, మన పాఠాలను మాత్రం తాళం వేసి పెట్టుకుంటామంటే చెల్లదు.

కనక రెండు వస్తువులను విడదీసి చూడాలని నా వాదం. పాఠాన్ని వాడుకునే హక్కు ఒకటి, పాఠానికి బాధ్యత వహించే హక్కు మరొకటి. మొదటిది ప్రజలది, వాళ్ల డబ్బుతో తయారైన పాఠాన్ని వాళ్లు చదువుకోవడానికి, నకలు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేకుండా వుండాలి. ఇది గాలిలో మేడ కాదు. ఐఐటీల ఉపన్యాసాలు ఎన్‌పీటెల్ ద్వారా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, చెప్పినవాళ్ల పేర్లతో, ఎవరైనా చూసుకునే విధంగా వున్నాయి. కాజీపేటలో ఇంజనీరింగు చదివే కుర్రాడికి కంప్యూటర్ల పాఠం స్వేచ్ఛగా దొరుకుతుంది. పక్క గదిలో బి.ఏ. చదివే అతని చెల్లెలికి తిక్కన పాఠం కాలేజీ పాస్‌వర్డు వెనక వుంది.

రెండో హక్కు రాసినవాడిది, చెప్పినవాడిది. పేరు వుండాలి, తప్పు దిద్దుకునే వీలుండాలి, పాఠాన్ని వికృతం చేస్తే కాదనే అధికారం వుండాలి. చట్టం యాభైయేడో సెక్షను ఇందులో సగం ఇచ్చింది. స్వామ్యం చేతులు మారినా, తన పేరు చెప్పుకునే హక్కూ వికృతిని ప్రతిఘటించే హక్కూ రచయితకు మిగిలేవుంటాయి. మన్నూ భండారి నవల సినిమాగా మారినప్పుడు 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షను బలాన్ని చెప్పింది. ఆమె కూడా ఢిల్లీలో ఒక కాలేజీ అధ్యాపకురాలే. విజ్ఞాన భవన్ గోడ మీది శిల్పాన్ని ప్రభుత్వం పీకివేసినప్పుడు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ అదే కోర్టులో 2005లో గెలిచాడు. శిల్పం ప్రభుత్వానిదే, అయినా పాడుచేసే హక్కు ప్రభుత్వానికి లేదన్నారు. కాని ఆ సెక్షనులో దిద్దుకునే హక్కు మాట లేదు. మన వృత్తిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. శిల్పికి తన శిల్పం రేపు అబద్ధమవుతుందన్న భయం లేదు, పంతులుకు వుంది.

(సి) క్లాజులో 'వేరే ఒప్పందం లేకపోతే' అనే చిన్న మాట వుంది. తలుపు అక్కడ తెరిచే వుంది. ఆ వేరే ఒప్పందం రాయించుకోవలసినవి మన అధ్యాపక సంఘాలు. అవి స్కేళ్ల కోసం పోరాడాయి, కరువు భత్యం కోసం పోరాడాయి, కాంట్రాక్టు వాళ్ల క్రమబద్ధీకరణ కోసం రోడ్డెక్కాయి; నేనూ సుబేదారి నుంచి కలెక్టరాఫీసు దాకా ఆ ఊరేగింపుల్లో నడిచినవాణ్నే. ఏ కోర్కెల పత్రంలోనూ పాఠం మాట నేను చూడలేదు. జీతం గురించి అడగడం వచ్చినవాళ్లకు చేసిన పని గురించి అడగడం ఎందుకు రాలేదో నాకు అంతుబట్టదు. ఉద్యోగం పోయిన మనిషి వీడియో ఆ రోజుతో ఆగిపోవాలి, లేదా ఆడినంత కాలం ఆమెకు డబ్బు రావాలి అనే కోర్కె రాయడానికి ఒక వాక్యం చాలు.

మేడం ఇప్పుడు హన్మకొండలో ట్యూషన్లు చెప్పుకుంటున్నది. తన వీడియోల సంగతి ఆమెకు ఒక పాత విద్యార్థి చెబితే తెలిసిందట. కాలేజీకి ఉత్తరం రాద్దామంటే, "వద్దన్నా, పిల్లలు చూసుకుంటున్నరు గదా" అన్నది. నా చిన్నయసూరి వీడియో ఇంకా అక్కడే వుంది. ఈ ఏడాది కొత్త పిల్లలకు ఆ పాఠం మొదలుపెట్టే ముందు, వీడియోలో సారు చెప్పింది తప్పు, సూరివి రెండే భాగాలు అని బోర్డు మీద రాశాను. సారు ఎవరు సార్ అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.